ఫిల్ము మూలన బొడిపె

"నా మాట నమ్ము చెల్లెమ్మా" అని ఎవరైనా అంటే చాలు, ఇప్పటికీ నా ఒళ్ళు మండిపోతుంది. అన్నవాళ్ళు పాపం మంచివాళ్ళే కావచ్చు. ఒకసారి కూరగాయల కొట్టు అతను లేత బెండకాయలు తూస్తూ ఆ మాట అన్నాడు. బెండకాయలు అక్కడే వదిలేసి వచ్చాను. "డాక్టరు మీద కోపం బెండకాయల మీద చూపించావా?" అని మా ఆయన నవ్వాడు. అవును, చూపించాను. ఆ డాక్టరు మీద కోపం చూపించుకోవడానికి నాకు దొరికినవన్నీ ఇలాంటివే.

తొంభైల్లో నేను ఖతర్‌లోని దోహాలో, నజ్మా పేటలోని ఒక పళ్ళ క్లినిక్‌లో ఎక్స్‌రేలు తీసేదాన్ని. కూలీలు ఉండే కంపెనీ క్యాంపుల నుంచి పంటి నొప్పివాళ్ళను వ్యానులో తెచ్చేవారు. కాగితం పొట్లంలో ఉన్న చిన్న ఫిల్ముని వాళ్ళ నోట్లో పెట్టి కొరికి పట్టుకోమనేదాన్ని. "నోరు తెరువు, కొరుకు, కదలకు" అన్న మాటలు ఆ ఊళ్ళో వినిపించే భాషలన్నిటిలోనూ చెప్పగలిగేదాన్ని. వాటిలో చాలా భాషల్లో అంతకు మించి ఒక్క ముక్క రాదు. బెంగాలీ వాళ్ళు నన్ను చూసి నవ్వేవారు, నోట్లో ఫిల్ము ఉన్నా సరే.

ఆ ఫిల్ముకి ఒక మూల చిన్న బొడిపె ఉంటుంది. వేలితో తడిమితే తెలుస్తుంది. డార్క్‌రూములో కడిగి ఆరబెట్టిన ఫిల్ముని అట్ట చట్రంలో అమర్చేటప్పుడు ఆ బొడిపె మనవైపు ఉబ్బెత్తుగా ఉండాలి. లోపలికి పోయిందంటే ఫిల్ము తిరగబడినట్టు, కుడివైపు పళ్ళు ఎడమవైపువి అయిపోయినట్టు. మా పనిలో ఉన్నవాళ్ళందరూ ఎప్పుడో ఒకప్పుడు చేసే పొరపాటు ఇది. బొడిపె చూసుకోనందుకు నొప్పి లేని మంచి పన్ను పీకేసిన కథలు గుంటూరులో పని నేర్చుకునేటప్పుడే విన్నాను.

క్లినిక్‌లో పెద్ద డాక్టరుది కృష్ణా జిల్లా. మాది గోదావరి వైపు. పనిలో ఉన్నంతసేపూ ఆయన నాకు 'డాక్టరు గారు'. శుక్రవారం మాత్రం 'అన్నయ్యగారు', ఎందుకంటే సెలవు రోజైన శుక్రవారం ఉదయం ఉమ్ ఘువైలినాలోని ఆయన ఫ్లాట్‌లో తెలుగు క్రైస్తవులం ప్రార్థనకు కలిసేవాళ్ళం. చర్చి కట్టుకునే వీలు అప్పట్లో అక్కడ లేదు. సోఫాలు గోడకు జరిపి, చాపలు పరిచి, కిటికీలు మూసుకుని పాడుకునేవాళ్ళం. వాక్యం ఆయనే చెప్పేవాడు. చక్కగా చెప్పేవాడు, అది కాదనను. ఊళ్ళో మొదటి పాటకే కునుకు తీసే మా ఆయన కూడా ఈయన మాట్లాడుతుంటే కళ్ళు తెరుచుకుని వినేవాడు.

ఒక ఎండాకాలం ఊరి బయట ఒక కంపెనీ బస్సు లారీని గుద్దుకుని తగలబడింది. పోయినవాళ్ళలో ఎవరు ఎవరో తేల్చలేకపోయారు. పాస్‌పోర్టులన్నీ కంపెనీ బీరువాలో భద్రంగా ఉన్నాయి, మనుషులే గుర్తుపట్టడానికి వీల్లేకుండా అయిపోయారు. ఆ శుక్రవారం డాక్టరు వాక్యం మధ్యలో ఆగిపోయి, "ఒక తల్లి ఇంటికి ఇంకో తల్లి బిడ్డ శవపెట్టె చేరింది" అని కళ్ళు తుడుచుకున్నాడు. నేనూ ఏడ్చాను. తర్వాత టీలు తాగుతుంటే తన ఆలోచన చెప్పాడు. ఒళ్ళు కాలినా పళ్ళు మిగులుతాయి. పంటి వేర్లు ఎటు వంగాయి, ఫిల్లింగ్ ఏ ఆకారంలో ఉంది అన్నవి చూస్తే ఏ ఇద్దరి నోళ్ళూ ఒక్కలా ఉండవు. బతికుండగా తీసిన ఎక్స్‌రే కంప్యూటరులో ఉంటే, పోయాక తీసినదాన్ని దానితో పోల్చి ఫలానా మనిషి అని కంప్యూటరే చెబుతుంది. ఆ ప్రోగ్రాము ఆయనే రాస్తున్నాడు.

"ఎవరి మనిషి వాళ్ళ ఇంటికి చేరాలి చెల్లెమ్మా. అంతకన్నా నాకేం వద్దు," అన్నాడు.

నేను కరిగిపోయాను. డ్యూటీ అయ్యాక సాయంత్రాలు ఆయన గదిలో కూర్చుని పనిచేశాను. ఫిల్ముని స్కానరు మీద పెట్టడం, తెర మీద కనిపించిన పంటి అంచు వెంట, ఫిల్లింగ్ అంచు వెంట మౌసుతో చుక్కలు పెట్టుకుంటూ పోవడం నా వంతు. ముగ్గు వేసినట్టే ఉండేది. ఆ కంప్యూటరు ఎంత మందకొడిదంటే, అది ఒక్క పన్నుని పోల్చి చూసేలోగా మేము టీ కాచుకుని, తాగి, కప్పులు కూడా కడిగేసేవాళ్ళం. ప్రార్థనకు వచ్చే వాళ్ళందరినీ బతిమాలి వాళ్ళ ఎక్స్‌రేలు కూడా తీశాను. నేను అడిగితే కాదన్నవాళ్ళు లేరు.

ఆ రోజుల్లోనే డాక్టరుకు బొడిపె సంగతి చెప్పాను. "తొందరలో ఫిల్ము తిరగేసి పెట్టేస్తుంటామండీ. అప్పుడు మీ కంప్యూటరు కుడి పన్నుని ఎడమ పన్ననుకుని మోసపోతుంది. ప్రతి బొమ్మనీ తిప్పి కూడా చూడమని దానికి చెప్పండి." ఆయన కీబోర్డు మీంచి తల ఎత్తకుండా "ఊఁ" అన్నాడు. వినలేదేమో అనుకున్నాను.

ఇక మా క్లినిక్ వ్యాను నడిపే అతని సంగతి. కరీంనగర్ వైపు ముస్లిం, నాకన్నా చిన్నవాడు. అతని పేరు రాయను. రాస్తే రెండు రాయాలి, బాధంతా దానితోనే వచ్చింది. రోజూ పొద్దున్నే మా బిల్డింగు కింద హారను కొట్టి, "యల్లా అక్కా, అద్దం అలిసిపోయింది గని దిగు!" అని వీధంతా వినిపించేలా అరిచేవాడు. రొయ్యల వేపుడు చేసిన రోజు అతనికి డబ్బా విడిగా కట్టేదాన్ని. రంజాను సాయంత్రాల్లో వాళ్ళ గది నుంచి నాకు హలీం వచ్చేది. నాకు తోడబుట్టిన తమ్ముడు లేడు. ఉన్నా నన్ను అంత ఆట పట్టించేవాడు కాదేమో.

డాక్టరు క్లినిక్‌లో పనిచేసే వాళ్ళందరి ఎక్స్‌రేలూ తీయమన్నాడు. డ్రైవరు వంతు వచ్చింది. కుర్చీలో కూర్చోబెట్టి సీసపు ఏప్రను కప్పబోతుంటే దాని అంచు పట్టుకుని ఆపాడు.

"అక్కా, ఒక మాట జెప్త. ఎవ్వలకు జెప్పకు. నా పేరు ఇది గాదు."

నవ్వబోయి, అతని ముఖం చూసి మానుకున్నాను.

అంతకు ముందు ఒకసారి సొంత పేరుతోనే ఖతర్ వచ్చాడట, బిల్డింగులు కట్టే కంపెనీకి. అక్కడి బాధ పడలేక క్యాంపు వదిలి పారిపోయి దొరికిపోయాడు. మళ్ళీ రాకూడదని ముద్ర వేసి ఇంటికి పంపేశారు. వాళ్ళ చిచ్చా కొడుక్కి, అంటే చిన్నాన్న కొడుక్కి, పాస్‌పోర్టు ఉంది, దేశం దాటే ధైర్యం లేదు. ఆ పాస్‌పోర్టు మీద తన ఫోటో అంటింపించుకుని, ఆ పేరుతో ఇతను తిరిగి వచ్చాడు. ఆ రోజుల్లో అలా వచ్చినవాళ్ళు ఎందరో. పేరు పెట్టి పిలిస్తే తనను కాదనుకుని ముందుకు నడిచిపోయే వాళ్ళను మా వెయిటింగ్ హాల్లోనే చూశాను.

"మొదటిపారొచ్చినప్పుడు గీ క్లినిక్కుల్నే నా పన్నుకు ఫోటో దీసి సిమెంటు వెట్టిండ్రు. అసలు పేరు మీద. గా ఫోటో ఈడ్నే ఉంటది గదా?"

ఉంటుంది. అప్పటికి నేనూ లేను, ఈ డాక్టరూ లేడు. కానీ పాత ఫిల్ములన్నీ కవర్లలో పెట్టి స్టోరు గదిలో దాచారు. ఆ పెట్టెలు డాక్టరు అప్పటికే ఇంటికి పట్టుకుపోయి తనే కంప్యూటరుకు ఎక్కిస్తున్నాడు. తీసి దాచేద్దామన్నా నా చేతిలో లేదు.

"అయితే నువ్వు ఇవ్వకు తమ్ముడూ. ఏదో ఒక సాకు నేను చెబుతాను," అన్నాను.

అతను తల అడ్డంగా ఊపాడు. "లేదక్కా, ఇస్త. నేనీడ సచ్చిపోతే కబురు మా చిచ్చా ఇంటికి పోతది. నా పెండ్లం కాయితాల మీద ఎవల పెండ్లమైతది? గా మిషిన్ల నా పన్నుంటే, గీడు గాడు గాదు అని ఎవలన్న జెప్తరు. గని బతికున్నప్పుడు వట్టియ్యదు గదా? ఇంకోపారి దొరికితే జైలే అక్కా. ఇగ జిందగీల రానియ్యరు. ఇల్లంత నా మీదనే ఉన్నది."

బతికుండగా పట్టివ్వదని ఒక్క మాట. అదీ అతనికి కావలసింది. ఆ మాట తెచ్చి ఇచ్చే పని నేను నెత్తిన వేసుకున్నాను.

ఆ శుక్రవారం ప్రార్థన అయ్యాక డాక్టరు ఫ్లాట్‌లో, వంటగది గుమ్మం దగ్గర ఆయన్ని ఆపాను. డ్రైవరు పేరు ఎత్తలేదు. "అన్నయ్యగారూ, ఇవి చనిపోయినవాళ్ళ కోసమే కదా? బతికున్నవాళ్ళ ఫిల్ములు ఒకరివి ఒకరితో పోల్చరు కదా?"

"ఎందుకమ్మా ఆ అనుమానం?"

"క్యాంపుల్లో వాళ్ళు భయపడతారండీ. ఒక్కొక్కళ్ళవీ ఒక్కో ఇబ్బందులు."

ఆయన నా తల మీద చెయ్యి పెట్టాడు. "నా మాట నమ్ము చెల్లెమ్మా. దేవుడి సాక్షిగా చెబుతున్నాను. శవం ముందు తప్ప ఈ కంప్యూటరు నోరు విప్పదు."

దేవుడి పేరు ఊరికే నోట పెట్టుకోకూడదని ఆయనే మాకు విడమరిచి చెప్పిన శుక్రవారాలు ఉన్నాయి. అందుకే నమ్మాను. మర్నాడు వ్యానులో డ్రైవరుకు ఆ మాట అక్షరం పొల్లు పోకుండా అప్పజెప్పాను. "దేవుని మీద ఒట్టేసిండా? అయితే ఇగ ఫికర్ లేదు," అన్నాడు. ఆ రోజే వచ్చి కుర్చీలో కూర్చున్నాడు.

కింది దవడలో కుడివైపు పెద్ద పన్ను. ఫిల్లింగ్ ఒక కొస చిలక ముక్కులా కిందికి వంగి ఉంది. ఎక్కడ చూసినా గుర్తుపట్టే పన్ను అది. డాక్టరు మాట మీద నమ్మకం లేక కాదు గానీ, తాళం వేశాక కూడా ఒకసారి లాగి చూసుకుంటాం కదా, అలాగే ఆ ఫిల్ముని చట్రంలో పెట్టేటప్పుడు బొడిపెను లోపలికి తిప్పేశాను. అలాగే స్కాన్ చేశాను. కుడి పన్ను ఎడమ పన్ను అయిపోయింది. అతనికి జరగరానిది ఏమైనా జరిగితే నేనే మళ్ళీ తిప్పి పెట్టుకోవచ్చులే అనుకున్నాను. ఆ సాయంత్రం నా తెలివి మీద నాకే ముచ్చటేసింది.

కొన్ని నెలలకు ప్రోగ్రాము తయారైంది. ఒక మధ్యాహ్నం దాన్ని చూపించడానికి డాక్టరు క్లినిక్ యజమానిని, మాకు మనుషుల్ని పంపే కంపెనీల మేనేజర్లను పిలిచాడు. వెయిటింగ్ హాల్లో కర్టెన్లు వేసి, గోడ మీద తెల్ల దుప్పటి కట్టి, కంప్యూటరు బొమ్మ దాని మీద పడేలా ఒక మిషను అద్దెకు తెచ్చాడు. అతిథుల్ని వ్యానులో తెచ్చింది మా డ్రైవరే. కుర్చీలు వేసిందీ అతనే. అందరూ కూర్చున్నాక తలుపు దగ్గర నిలబడ్డాడు. నాకు కళ్ళతోనే టీ కావాలా అని సైగ చేశాడు.

డాక్టరు బస్సు ప్రమాదం దగ్గర మొదలుపెట్టాడు. అక్కడ గొంతు వణికింది, ఆ శుక్రవారం ప్రార్థనలో వణికినట్టే. తర్వాత గుడ్డ మీద రెండు ఫిల్ములు పక్కపక్కన పడ్డాయి. చూడగానే గుర్తుపట్టాను. చిలక ముక్కు. ఒకటి కుడికి తిరిగి ఉంది, ఒకటి ఎడమకు.

"ఒకటి పాతది, ఒకటి కొత్తది. కొత్తది ఎవరో తిరగేసి పెట్టారు. పేర్లు కూడా వేరు. మనిషి కన్నయితే వదిలేసేది. ఇప్పుడు చూడండి," అన్నాడు.

కొత్త ఫిల్ము అద్దంలో బొమ్మలా అటు నుంచి ఇటు తిరిగింది. తిరిగి, జరిగి, పాతదాని మీద సరిగ్గా కూర్చుంది. ముక్కు మీద ముక్కు. దాని కింద రెండు పేర్లు, ఇంటి పేర్లతో సహా. డ్రైవరుకు ఇంగ్లీషులో తన రెండు పేర్లూ చదువుకునేంత చదువు ఉంది.

అందరూ చప్పట్లు కొట్టారు. ముందు వరసలోని ఒక మేనేజరు వంగి అడిగాడు. "అంటే బ్యాన్ అయినవాడు ఇంకో పాస్‌పోర్టుతో వస్తే దొరికిపోతాడా?"

"వచ్చిన వారంలో, మెడికల్ పరీక్షలోనే దొరుకుతాడు," అన్నాడు డాక్టరు.

ఆ జవాబు అప్పటికప్పుడు పుట్టింది కాదు. ఇస్త్రీ చేసి పెట్టుకున్న జవాబు. అప్పుడు అర్థమైంది నాకు, ఈ పెద్దమనుషులు శవాల కోసం రాలేదని. ఇంకా అయిపోలేదు. ఆయన నావైపు చెయ్యి చాపి, అందరికీ తెలిసేలా హిందీలో అన్నాడు. "యే సబ్ హమారీ సిస్టర్ నే బతాయా." అంతా మా సిస్టరే చెప్పిందని.

అందరూ తలలు తిప్పి నన్ను మెచ్చుకోలుగా చూశారు. తలుపు దగ్గర నుంచి అతనూ చూశాడు. ఆ చూపు గురించి నేను ఎక్కువ రాయలేను.

క్లినిక్ యజమాని తన డ్రైవరు పేరును తెర మీద గుర్తుపట్టడానికి ఎంతోసేపు పట్టలేదు. లేచి ఆఫీసు మనిషి చెవిలో ఏదో అన్నాడు. ఆ మనిషి వెళ్ళి డ్రైవరును బయటికి నడిపించాడు. నేను వాళ్ళ వెనకే పరుగెత్తాను. వ్యాను పక్కన నిలబడి తాళాలు అప్పగిస్తున్నాడు.

"నీకొక్కదానికే జెప్పిన అక్కా."

"నేను చెప్పలేదు తమ్ముడూ! కంప్యూటరే పట్టుకుంది. నీ ఫిల్ము నేను తిరగేసి కూడా పెట్టాను."

"మిషిన్‌కు నా నోరెట్ల ఎరుకైతది? మనిషి జెప్తేనే ఎరుకైతది. సిస్టరే జెప్పిందని గా సారే అనె గద, అందరి ముంగట."

ఫిల్ముకి ఒక మూల బొడిపె ఉంటుంది తమ్ముడూ అని మొదలుపెట్టాను. ఆ ఎండలో, పోలీసుల దగ్గరికి పోబోయే మనిషికి, బొడిపె కథ. సగంలో నేనే ఆపేశాను. అతను వినడం లేదు. సీటు కింద నుంచి నా స్టీలు డబ్బా తీసి నా చేతిలో పెట్టాడు.

"కడిగిన. తీస్కపో," అన్నాడు.

నేను లోపలికి వచ్చేసరికి అతిథులు వెళ్ళిపోయారు, డాక్టరు దుప్పటి మడత పెడుతున్నాడు. "నాకు మాట ఇచ్చారు మీరు," అన్నాను.

"నువ్వు ఇంత బాధపడతావనుకోలేదమ్మా. పరీక్షకు అంతకన్నా కష్టమైన జోడీ దొరకలేదు. పేర్లు నేను పట్టించుకోలేదు."

"రోజూ మీ బ్యాగు మోసే మనిషి పేరు మీకు తెలియదా?"

ఆయన దుప్పటి మూలలు సరిచూసుకున్నాడు. తర్వాత చాలా నెమ్మదిగా, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పాడు. "చచ్చినవాళ్ళ కోసం ఎవరు ఖర్చు పెడతారు చెల్లెమ్మా? బతికున్నవాళ్ళను పట్టిస్తుందంటేనే కంపెనీలు ముందుకొస్తాయి. ముందు ఇది నిలబడనీ. రేపు చచ్చినవాళ్ళకూ పనికొస్తుంది."

"నన్ను చెల్లెమ్మా అనకండి," అన్నాను. అంతకన్నా పదునైన మాటలు ఇంటికి వెళ్ళాక బోలెడు తట్టాయి. ఇప్పటికీ అంట్లు తోముతుంటే తడుతుంటాయి. మాట తప్పడం ఒక ఎత్తు. ఆ బస్సులో పోయినవాళ్ళ కోసం నేను ఏడ్చిన ఏడుపును వాడుకున్నాడు, అది నేను క్షమించలేను. నేను మంచి మనసుతో చెప్పిన బొడిపె మాటను ఆ కంప్యూటరులో పెట్టుకుని, దానితోనే నా తమ్ముణ్ణి పట్టించాడు. పైగా అందరిలో నాకు థాంక్స్ చెప్పాడు.

తర్వాతి శుక్రవారం మా ఆయన వద్దంటున్నా ప్రార్థనకు వెళ్ళాను. డాక్టరు ముఖం ఎలా పెట్టుకుంటాడో చూడాలనిపించింది. మామూలుగానే పెట్టుకున్నాడు. పాటలయ్యాక కళ్ళు మూసుకుని, "జైల్లో ఉన్న మన డ్రైవరు సోదరుడి కోసం ప్రార్థిద్దాం" అన్నాడు. అందరూ తలలు వంచారు. నేను లేచి, వాళ్ళ మధ్య నుంచి చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని నడిచి, చెప్పులు వేసుకుని బయటికి వచ్చేశాను. మెట్ల దగ్గర చూస్తే మా ఆయన కూడా వచ్చాడు. మిగతావాళ్ళు ఎవరూ రాలేదు. నేను బతిమాలి ఎక్స్‌రేలు తీయించినవాళ్ళే అందరూ. నెలాఖరుకు ఆ క్లినిక్ కూడా మానేశాను.

డ్రైవరును కొన్నాళ్ళు జైల్లో ఉంచి ఇంటికి పంపేశారని నజ్మాలో వాళ్ళ గది మనుషులు చెప్పారు. వాళ్ళ దగ్గరే ఇంటి ఫోను నంబరు తీసుకున్నాను. చెయ్యాలా వద్దా అని చాలా రోజులు కొట్టుకుని, చివరికి చేశాను. అతని భార్య ఎత్తింది.

"హలో, దుబాయ్ నుంచా?"

"ఖతర్ నుంచమ్మా. క్లినిక్‌లో అక్కను."

"అయ్యో, రొయ్యల అక్కనా! మీ ముచ్చట శాన జెప్పెటోడు," అని సంబరంగా లోపలికి తిరిగి ఉర్దూలో అతన్ని పిలిచింది.  మళ్ళీ ఫోనులోకి వచ్చేసరికి ఆమె గొంతు మారిపోయింది. "ఇంట్ల లేడక్కా."

వెనక నుంచి "ఫోన్ రఖ్‌దే", ఫోను పెట్టెయ్ అన్న మాట నాకు స్పష్టంగా వినిపించింది. ఏళ్ళ తరబడి మా వీధంతా వినిపించేలా నన్ను కిందికి పిలిచిన గొంతు అది.

ఆమె వెంటనే పెట్టేయలేదు. గొంతు తగ్గించి గబగబా అడిగింది. "అక్కా, మీరు పండ్ల దవఖానల జేస్తరు గదా, ఒక్కటి అడుగుత. వచ్చిన వారంలనే పన్ను పీకిచ్చుకున్నడు. కింది దవడది, సిమెంటు వెట్టింది. నొప్పి లేకుండె, వాపు లేకుండె. గింత మంచి పన్ను ఎందుకు పీకాలె అని డాక్టరే తిట్టిండంట. అయినా పట్టువట్టి పీకిచ్చుకున్నడు. ఇప్పుడు బుక్క నమలనీకె తిప్పలు పడ్తున్నడు. ఎందుకు రా అయ్యా అంటే మాట్లాడడు. మీకేమన్నా ఎరుకనా అక్కా?"

అంటే అతనికి తెలిసింది. పట్టించింది నా నోరు కాదు, తన నోరేనని తెలిసింది. తెలిసి కూడా ఫోను దగ్గరికి రాలేదు. ఆ పన్నుకు ఫిల్ము తీసిందీ, దేవుడి ఒట్టు తెచ్చి అతని చేతిలో పెట్టిందీ నేనే కదా.

ఆమె ఇంకా లైనులోనే ఉంది, నేనేం చెబుతానో అని.

"గోరువెచ్చని నీళ్ళల్లో ఉప్పు వేసి పుక్కిలించమని చెప్పమ్మా," అన్నాను.